కూత అతనిది, పేరు స్టేషనుది

మా కోల్టన్ బెండ్‌లో యాభై దాటిన వాళ్ళెవరినైనా పట్టుకుని రూస్టర్ రాండల్ గురించి అడిగి చూడండి. ఇక ఆ పూటకి మీ పనులన్నీ అటకెక్కినట్టే. బడి వదిలే వేళకి రేడియోలో ఒక కోడి కూసేదనీ, ఆ కూత చెవిన పడితే పుస్తకాలు ఎక్కడ పడేశారో వాళ్ళకే తెలిసేది కాదనీ చెప్తారు. రికార్డు తిరగడం మొదలయ్యాక కూడా పాడేవాడు నోరు తెరిచే ఆఖరి క్షణం దాకా ఆ పాటలు వేసే రూస్టర్ వాగుతూనే ఉండేవాడనీ, సరిగ్గా అక్కడ కత్తితో కోసినట్టు ఆపేసేవాడనీ, ఒక్కసారైనా పాట మీద మాట పడలేదనీ ఒట్టేసి మరీ చెప్తారు. అబద్ధం. చాలాసార్లు పడింది. పాతరోజుల గురించి మాట్లాడేటప్పుడు మా ఊరివాళ్ళు లెక్కలు అంత పట్టించుకోరు.

ఎల్డన్ క్రైడర్‌ని మాత్రం ఎవరూ అడగరు. ఎల్డన్ అంటే తివాచీలాయన. మెయిన్ స్ట్రీట్ దుకాణం తరఫున జీవితమంతా మోకాళ్ళ మీద కూచుని జనం ఇళ్ళల్లో తివాచీలు పరిచి, మోకాళ్ళు మొరాయించాక ఇంట్లో కూచున్న మనిషి. మాట తక్కువ. అతని గొంతు ఎలా ఉంటుందని అడిగితే సగం ఊరు చెప్పలేదు.

రూస్టర్ రాండల్ అతనే. కాదు, అలా అంటే అది కూడా సగం అబద్ధమే అవుతుంది. రూస్టర్లు ముగ్గురు. ఎల్డన్ అందులో రెండోవాడు.

వాళ్ళ నాన్న ఉక్కు కర్మాగారంలో కొలిమి దగ్గర పనిచేసేవాడు. కొడుకు కూడా అక్కడికే రావాలని ఆయన కోరిక. కొడుకేమో స్కూలు చదువు అయీ అవగానే కొండమీదున్న రేడియో స్టేషన్లో చేరి, తెల్లవారుజామున పందుల ధరలూ చావు కబుర్లూ చదవడం మొదలుపెట్టాడు. చచ్చినవాళ్ళ పేర్లు చదవడానికి మగాడు కావాలా అని నాన్న సణిగాడు. ఒక శుక్రవారం అసలు రూస్టర్ జీతం ఎక్కువిస్తామన్నారని క్లీవ్‌లాండ్ వెళ్ళిపోయాడు. మేనేజరు లాటిమర్ ఎల్డన్‌ని పిలిచి ఒక కాగితం ముందుకు తోశాడు.

"సోమవారం నుంచి రూస్టర్ రాండల్‌వి నువ్వే. సంతకం పెట్టు."

"మరి ఆయన?"

"ఆయనెవడు? రూస్టర్ ఎక్కడికి పోయాడు? ఇదిగో, ఇక్కడే కూచున్నాడుగా."

ఆ రోజుల్లో రేడియో స్టేషన్లకు అదొక అలవాటు. పేరు స్టేషనుది, మనిషి అద్దెకి. ఒకడు పోతే ఇంకొకణ్ణి తెచ్చి అదే పేరు తగిలించేవాళ్ళు. వినేవాళ్ళకి తెలియకూడదు, కాబట్టి పెళ్ళాం తప్ప మూడో మనిషికి చెప్పనని సంతకం. ఫొటోలు కూడా ఉండవు. కరపత్రాల మీద గిటారు పట్టుకున్న కోడిపుంజు బొమ్మ వేసేవాళ్ళు. ఎల్డన్ వారం రోజులు పాత రూస్టర్ గొంతుని అనుకరించాడు. నెల తిరిగేసరికి ఎవరినీ అనుకరించాల్సిన అవసరం లేకపోయింది. పందుల ధరలు చదివే కుర్రాడి లోపల ఇంతటి వాగుడుకాయ ఉన్నాడని అతనికే తెలీదు. మైకు ముందు ఎరుపు దీపం వెలిగితే చాలు, నోట్లో నాలుక ఆగేది కాదు. దీపం ఆరగానే మళ్ళీ మామూలే, కుక్కిన పేను.

సాయంత్రం కార్యక్రమం అయ్యాక కిందికి దిగి, పిల్లలతో కిటకిటలాడే హోటల్లో ఒక మూల కూచుని హాంబర్గర్ తినేవాడు. చుట్టూ రూస్టర్ కబుర్లే. రూస్టర్ ఆరడుగుల పొడవట, ఎర్ర కారుందట, టెక్సాస్‌లో నూనె బావులున్నాయట. ఐదడుగుల నాలుగంగుళాల ఎల్డన్ ఉల్లిపాయ ముక్కలు పక్కకి తీసుకుంటూ అన్నీ వినేవాడు. లోపల పండగ. మనిషి ఆ మూడేళ్ళే బతికాడు, తర్వాతవన్నీ రోజులు గడపడమే.

పిల్లలు ఫోన్ చేసి ఫలానా వాళ్ళకోసం ఫలానా పాట వెయ్యమని అడిగేవాళ్ళు. రోజూ చేసేవాళ్ళలో డార్లీన్ హలూస్కా అని ఒక పిల్ల. పదమూడేళ్ళుంటాయేమో. పాట అడిగేది కాదు, నిన్న వేసిన పాటలో తప్పులు పట్టేది. "నిన్న మాట పాట మీద పడింది, రూస్టర్" అనేది. "నీ చెవి మీద పడుంటుంది" అనేవాడు ఎల్డన్. పిల్ల కిలకిలా నవ్వేది.

తర్వాత ఆ పెద్ద మంచు వచ్చింది. దాన్ని గురించి మా ఊళ్ళో ఎవరికి వాళ్ళు ఒక పురాణం చెప్తారు కాబట్టి నేను క్లుప్తంగా కానిస్తాను. మధ్యాహ్నానికి దారులన్నీ మూసుకుపోయాయి. ఫోన్ తీగలు చాలాచోట్ల తెగిపోయాయి. స్టేషనుకి మాత్రం కొండ అవతలి నుంచి వచ్చే తీగ బతికుంది. ఎక్కడెక్కడో ఇరుక్కున్న మనుషులు రూస్టర్‌కి ఫోన్ చెయ్యడం, రూస్టర్ పాటకీ పాటకీ మధ్య కబుర్లు అందించడం. మిసెస్ ఫలానా, మీ ఆయన చర్చి నేలమాళిగలో వెచ్చగా ఉన్నాడు. ఫలానా తాతగారూ, మీ మనవడు బళ్ళోనే పడుకుంటాడు, సూప్ తాగాడు. తర్వాతి వంతువాడు కొండ ఎక్కలేకపోయాడు, ఎల్డన్ కుర్చీలోంచి లేవలేదు. దయ్యాల పాటలని తిట్టిపోసిన పెద్దవాళ్ళంతా ఆ రెండు రోజులూ రేడియోకి చెవులప్పగించి కూచున్నారు.

మొదటిరోజు చీకటి పడబోయే ముందు ఒక మగగొంతు వచ్చింది.

"నువ్వేనా ఆ కోడివి?"

"నేనేనండి."

"నా పేరు హలూస్కా. బ్రెడ్డు వ్యాను నాది. గట్టు మీద పెట్రోలు బంకు దగ్గర కూరుకుపోయాను. బంకు మూసేశారు, బయటున్న ఫోను నుంచి చేస్తున్నాను. ఇంటికి చేస్తే కలవటం లేదు. మా పిల్ల రోజూ నీ నంబరు తిప్పుతుంటే చూసీ చూసీ, తిట్టీ తిట్టీ నాకూ కంఠతా వచ్చేసింది."

వ్యానులోనే ఉండండి, కదలకండి అని ఎల్డన్ చెప్పాడు. బండినిండా బ్రెడ్డే, నాకేం లోటు అన్నాడు హలూస్కా. ఆ తర్వాత గొంతు తగ్గించి ఇంకొంచెం మాట్లాడాడు. అది రేడియోలో చెప్పకు, పిల్ల ఫోన్ చేసినప్పుడు దానికొక్కదానికే చెప్పు అన్నాడు. ఎల్డన్ మాటిచ్చాడు. హలూస్కా గారు గట్టుమీద క్షేమం అని మాత్రం ఊరికి చెప్పాడు.

హలూస్కా వ్యానులో ఉండలేదు. ఎందుకో నడక మొదలెట్టాడు. మంచు తీశాక నదివంపు దగ్గర దొరికాడు.

డార్లీన్ మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. ఎల్డన్ ఎదురుచూసి ఎదురుచూసి, చివరికి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. తలుపుకి తాళం. అంత్యక్రియలవగానే తల్లి పిల్లను తీసుకుని వెస్ట్ వర్జీనియా పుట్టింటికి వెళ్ళిపోయిందనీ, ఊరి పేరు తెలియదనీ పక్కింటావిడ చెప్పింది. ఎల్డన్ దగ్గర ఆ మాట అలాగే ఉండిపోయింది.

మరుసటేడు అతన్ని సైన్యంలోకి పిలిచారు. రెండేళ్ళు జర్మనీలో బంగాళాదుంపలు ఒలిచి తిరిగొచ్చాడు. పాత పని ఇమ్మని వెళ్తే లాటిమర్ కుర్చీలోంచి లేవకుండానే, "నీకెందుకయ్యా అంత తొందర, రూస్టర్ ఇక్కడే ఉన్నాడు, ఎక్కడికీ పోలేదు" అన్నాడు. మూడో రూస్టర్, గిల్ మోర్‌హౌస్ అని పక్క జిల్లా వాడు, గాజు అద్దం వెనక నవ్వుతున్నాడు. అది ఎల్డన్ నవ్వే. ఆ సాయంత్రం ఎల్డన్ మంగలి కుర్చీలో కూచునుంటే అరలో ఉన్న రేడియోలోంచి కోడి కూసింది. "ఈమధ్య మనవాడు ఊపు మీదున్నాడు" అన్నాడు మంగలి క్లీటస్. సబ్బు నురగ కింద ఎల్డన్ ముఖం ఎలా అయిందో ఎవరూ చూడలేదు. సొమ్మొకడిది సోకొకడిది అంటారు గానీ, ఆ సొమ్ము కూడా తనది కాదు. సంతకం పెట్టినవాడు ఎవరి మీద అరుస్తాడు?

మాక్సీన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆమెకి చెప్పాడు. ఆమె నమ్మింది, అప్పుడప్పుడూ వంటింట్లో కూత వెయ్యమని ఏడిపించేది. పిల్లలు లేరు. లాటిమర్ పోయాడు, స్టేషన్ అమ్ముడుపోయి ప్రార్థనల స్టేషన్ అయింది. మూడేళ్ళ కిందట మాక్సీన్ కూడా పోయింది. దాంతో, ఎల్డన్ లెక్కలో, అతనే రూస్టర్ అని తెలిసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అది అతన్ని తినేసేది. డబ్బు కావాలని కాదు, చప్పట్లు కావాలని కూడా కాదు. తను పోయేలోపు ఒక్క మనిషి, ఆ మంచు రోజు అక్కడ కూచున్నది నువ్వేనా అని అడిగితే చాలనుకునేవాడు. ఇది అంత పెద్ద కోరికా? కానీ అడగడానికి ఎవరైనా ఉండాలిగా.

ఈ వసంతంలో క్లీటస్ క్షవరం చేస్తూ అద్దానికి అంటించిన కరపత్రం చూపించాడు. రూస్టర్ రాండల్ తిరిగొస్తున్నాడు, శనివారం మధ్యాహ్నం, స్కేటింగ్ హాల్లో, పాత పాటలు, స్వయంగా రూస్టర్.

"టికెట్టు తీసి పెట్టనా? నువ్వూ ఆ రోజుల వాడివేగా."

"ఆ మంచు రోజు రేడియోలో ఉన్నది ఈయనేనా, క్లీటస్?"

"ఇంకెవరు? నువ్వా?" క్లీటస్ కత్తెర ఆడిస్తూ నవ్వాడు. "ఏమనుకోకు గురూ, నీ గొంతు తివాచీలకి బాగుంటుంది. కింద పరిచేయొచ్చు."

ఎల్డన్ కూడా నవ్వాడు. కానీ ఇంటికి వెళ్ళి, మాక్సీన్ పోయినప్పుడు వేసుకున్న సూటు తీసి దులిపాడు. ఈసారి చెప్పేస్తాను అనుకున్నాడు. స్టేషనే లేదు, ఇంకెక్కడి సంతకం. మోర్‌హౌస్ ఎదటే, ఊరెదటే చెప్తాను. వీధిలో నడుస్తూ కూడా ఆ మాటలే వల్లె వేసుకున్నాడు.

శనివారం స్కేటింగ్ హాలు నిండిపోయింది. బట్టతలల వాళ్ళూ, నడుం పట్టేసిన వాళ్ళూ కుర్రతనం నాటి చొక్కాల్లోకి దూరి వచ్చారు. గిల్ మోర్‌హౌస్ ఎర్ర కోటులో మైకు ముందు నిలబడి కూశాడు. హాలంతా తిరిగి కూసింది. పాట మొదలైంది, వాగాడు, వాగాడు, పాడేవాడు నోరు తెరిచే క్షణానికి ఆపాడు. ఎల్డన్ గోడ దగ్గర నిలబడి, తనకి తెలియకుండానే, అదే క్షణానికి ఊపిరి బిగబట్టాడు.

పాటలయ్యాక రూస్టర్ బల్ల దగ్గర కూచుని ఫొటోల మీద సంతకాలు పెడుతుంటే జనం వరసలో నిలబడ్డారు. ఎల్డన్ కూడా నిలబడ్డాడు. అతని ముందు నెరిసిన జుట్టుని వెనక్కి ముడి వేసుకున్న ఒకావిడ. చేతిలో ఫొటో లేదు, హ్యాండుబ్యాగు మాత్రం రెండు చేతుల్తో పట్టుకుంది.

"వరస కదలట్లేదండీ" అంది వెనక్కి తిరిగి. "నా బస్సు ఆరింటికి."

"చాలా దూరమామ్మా?"

"వెస్ట్ వర్జీనియా. సంతకం కోసం కాదులెండి. ఆయన్ని ఒక్క మాట అడగాలి." ఆమె కాస్త తటపటాయించింది. కానీ వరసలో పక్కన నిలబడ్డ పరాయివాళ్ళకి చెప్పినంత తేలిగ్గా మనం సొంతవాళ్ళకి చెప్పుకోలేం. "ఆ మంచులో మా నాన్న పోయాడు. బ్రెడ్డు వ్యాను నడిపేవాడు. ఆఖరిసారి మాట్లాడింది రూస్టర్‌తోనే."

డార్లీన్. ఎల్డన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఆ రోజు పొద్దున, నేను రాకెన్‌రోల్ వింటున్నానని రేడియో పలక్కుండా దాని వాల్వు పీకి జేబులో వేసుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. నువ్వు ఇంటికి రాకపోతేనే బాగుంటుంది అన్నాను. అవే నా ఆఖరి మాటలు." ఆమె మామూలుగానే చెప్పింది, చాలాసార్లు తనకి తాను చెప్పుకున్నదాన్ని చెప్పినట్టు. "నాన్న దాని గురించి ఏమైనా అన్నాడా అని అడగాలి. అంతే."

"ఆయన మనసులో పెట్టుకోలేదమ్మా" అన్నాడు ఎల్డన్. "వెర్రిపిల్ల బాధపడుతూ కూచుంటుందనే ఆయన దిగులుపడి ఉంటాడు."

డార్లీన్ అతని చెయ్యి తట్టింది. "మీరు మంచివారు. చర్చిలో ఫాదరూ అదే అన్నాడు. మా అత్తలూ అదే అన్నారు, మా ఆయనా అదే. నన్ను ఓదార్చాలని అందరూ అదే మాట అంటారండీ. కానీ విన్నది ఆయనొక్కడే." బల్ల వైపు చూసి నవ్వింది. "ఆ గొంతు చూడండి. నిద్రలో వినిపించినా పోల్చుకుంటాను."

ఆమె పక్కనే నిలబడి ఇంతసేపూ మాట్లాడిన గొంతుని ఆమె పోల్చుకోలేదు. ఎల్డన్‌కి ఏడుపొచ్చినంత పనైంది. నేనే రూస్టర్‌ని అనొచ్చు. రూస్టర్ ఎదురుగా ఎర్ర కోటులో కూచునుండగా, సూటు వేసుకున్న ముసలాడొకడు ఆ మాటంటే ఎవరు నమ్ముతారు? పిచ్చాడనుకుంటుంది, లేదా మరీ మంచివాడనుకుంటుంది. తనని నమ్మకపోతే పోయె. వాళ్ళ నాన్న మాటని కూడా నమ్మదు, దాన్ని కూడా ఓదార్పుల్లో కలిపేసి బస్సెక్కుతుంది. ఎల్డన్‌ని భయపెట్టింది అది.

అప్పుడే గిల్ కాఫీకని లేచి స్కేట్లు పెట్టే గదిలోకి వెళ్ళాడు. "ఇప్పుడే వస్తానమ్మా" అని ఎల్డన్ వరస దాటి వెనకే వెళ్ళాడు.

"ఒక్క నిమిషం మీతో పనుంది" అన్నాడు.

గిల్ కప్పు పెదాల దాకా తెచ్చి ఆగిపోయాడు. "ఏమన్నావ్? మళ్ళీ అను."

"ఏమనాలి?"

"నువ్వే." గిల్ కప్పు కింద పెట్టేశాడు. "నువ్వు క్రైడర్‌వి. లాటిమర్ నన్ను గదిలో కూచోబెట్టి రెండు వారాలపాటు నీ టేపులు వినిపించాడు. ఈ కుర్రాడిలా నవ్వు, ఈ కుర్రాడిలా ఊపిరి పీల్చు అని ప్రాణం తీశాడు. మా ఆవిడ గొంతైనా మర్చిపోతాను గానీ నీ గొంతు మర్చిపోతానా? ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావయ్యా?"

ఎల్డన్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఇన్నేళ్ళుగా ఎవరిమీద పళ్ళు నూరుకున్నాడో, లోకంలో తనని పోల్చుకోగలిగిన ఒకే ఒక్క మనిషి వాడే అయ్యాడు.

"పోయిన చోటల్లా ఆ మంచు గురించి అడుగుతారు" అన్నాడు గిల్. "నాకేం తెలుసు? ఏదో అల్లి చెప్తాను. సిగ్గుగా ఉంటుంది. పద, మైకు దగ్గరికి పద. అందరికీ చెప్పేస్తాను. నాకూ బరువు దిగుతుంది."

ఎల్డన్‌కి కావలసింది ఇదే. అచ్చంగా ఇదే.

"వరసలో ఒకావిడ ఉంది" అన్నాడు. "నెరిసిన ముడి. పేరు డార్లీన్. ముందు ఆవిడకి ఒక మాట చెప్పాలి. నువ్వే చెప్పాలి."

హలూస్కా అన్నదంతా పొల్లుపోకుండా చెప్పాడు. గిల్ కళ్ళు దించుకుని విన్నాడు. ఒకసారి "గొంతు తగ్గించి అన్నాడా, మామూలుగానా?" అని అడిగాడు. పనివాడు పనివాడే.

"ఒకటి ఆలోచించావా?" అన్నాడు చివర్లో. "ఇది నా నోటితో ఆమెకి చెప్పాక ఇంక మైకు లేదు, ఏమీ లేదు. తర్వాత నిజం బయటపెడితే ఆమెకి చెప్పింది కూడా దొంగమాటైపోతుంది. ఇవాళే కాదు, ఇంకెప్పుడూ కుదరదు."

"తెలుసు."

"నిజంగా తెలుసా?"

"ఆవిడ బస్సు ఆరింటికి" అన్నాడు ఎల్డన్.

అతను తిరిగొచ్చి డార్లీన్ వెనక నిలబడ్డాడు. ఆమె వంతు వచ్చింది. అడగాల్సింది అడిగింది. గిల్ కలం పక్కన పెట్టి, ఆమె చెయ్యి తీసుకున్నాడు.

"నాకు బాగా గుర్తు, తల్లీ. 'నువ్వేనా ఆ కోడివి' అన్నాడు మీ నాన్న. నువ్వు రోజూ తిప్పుతుంటే నా నంబరు కంఠతా వచ్చిందన్నాడు. వాల్వు నా జేబులోనే ఉంది, వెళ్ళి పెట్టేస్తాను, వినమను నీ వెధవ పాటలు అన్నాడు." ఇక్కడ గొంతు తగ్గించాడు. "పొద్దున పిల్ల ఒక మాటంది, అది ఏడుస్తూ కూచుంటుంది వెర్రిమొహం, నేను మనసులో పెట్టుకోలేదని చెప్పు. నేను మా నాన్నని ఇంతకంటే పెద్ద మాటలే అన్నాను, ఆయన నవ్వాడు. కానీ ఇది రేడియోలో చెప్పకు, బేకరీలో నా పరువు పోతుంది. అది ఫోన్ చేసినప్పుడు చెప్పు అన్నాడు. నేను ఎదురుచూశాను, తల్లీ. నువ్వు ఫోన్ చెయ్యలేదు. మీ ఇంటికి కూడా వచ్చాను. తాళం వేసుంది."

బేకరీ మాట దగ్గర డార్లీన్ నవ్వింది. ఆ నవ్వే ఏడుపయింది. బల్ల మీదికి వంగి గిల్‌ని కావలించుకుంది. వరసలో వాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఆమె భుజం మీదుగా గిల్ ఎల్డన్‌ని చూశాడు, చూడలేక తల తిప్పుకున్నాడు.

డార్లీన్ వెనక్కి తిరిగింది. ముఖం కడిగినట్టుంది.

"విన్నారాండీ?"

"విన్నానమ్మా."

"ఇన్నేళ్ళూ గుర్తుపెట్టుకున్నాడు చూడండి, ఒక్క ముక్క పోకుండా." రుమాలుతో ముక్కు తుడుచుకుంటూ, పరాయివాణ్ణి ఇందాకటి నుంచీ నిలబెట్టేసినందుకు మర్యాదకన్నట్టు అడిగింది. "మీరూ ఈ ఊరివారేగా. ఆ మంచు రోజు మీరెక్కడున్నారు?"

తను పోయేలోపు ఎవరో ఒకరు అడగాలనుకున్న మాట దాదాపు అదే. ఎల్డన్ టోపీ చేతుల్లో ఒకసారి తిప్పాడు.

"ఇంట్లోనే ఉన్నానమ్మా" అన్నాడు. "అందరిలాగే, రేడియో వింటూ."